టుకానాకు పదికి పది

"ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు శ్రీనూ. రామబ్రహ్మం చేతికి చిక్కినవాళ్ళు, చిక్కబోయేవాళ్ళు."

ఈ మాట అన్నది ఎవరో కాదు, సాక్షాత్తూ రామబ్రహ్మమే. హైటెక్ సిటీలో మా ఆఫీసు ఏడో అంతస్తు క్యాంటీన్‌లో, ఇడ్లీ మీద సాంబారు పోసుకుంటూ అన్నాడు. అని, కిటికీలోంచి మైండ్‌స్పేస్ జంక్షన్‌లో ఇరుక్కున్న కార్లను అనుమానంగా చూశాడు. వాటిలో ఒక్కటి కూడా పారిపోయే స్థితిలో లేదని తేలాక మళ్ళీ ఇడ్లీ వైపు తిరిగాడు.

నా పేరు శ్రీనివాసులు. ఆఫీసులో ఆయన పక్క సీటు నాది. అంతకు మించి నేను చేసిన పాపం ఏమీ లేదు. రామబ్రహ్మానికి కంపెనీ ఇచ్చిన ఉద్యోగం క్వాలిటీ చెకింగ్. అంటే మా ఆఫీసు పిల్లలు ఫోన్లో మాట్లాడినవన్నీ హెడ్‌సెట్ పెట్టుకుని విని తప్పులు పట్టడం. డిటెక్టివ్ ఉద్యోగం మాత్రం తనకు తానే ఇచ్చుకున్నాడు. పోయినేడు అకౌంట్స్ వాళ్ళ స్టీలు టిఫిన్ డబ్బా ఒకటి మాయమైతే, సెక్యూరిటీ వాళ్ళందరినీ వరసపెట్టి ప్రశ్నించి, ఒకాయన చేత కన్నీళ్ళు పెట్టించాడు. చివరికి డబ్బా ఈయన బల్ల కిందే దొరికింది. సిగ్గుపడతాడేమో అనుకున్నాం. "తెచ్చి నా దగ్గరే దాచాడంటే వాడెంత గుండెలు తీసిన బంటో చూడు" అన్నాడు.

మా కంపెనీ చేసే పని గురించి కాస్త చెప్పాలి. ఏకగగన్ అని ఒక కూటమి ఉంది. అయిదు విమాన కంపెనీలు చేతులు కలిపి పెట్టుకున్నది. టికెట్ ఒకరి దగ్గర కొంటే సగం దూరం వాళ్ళు తీసుకెళ్ళి, మిగతా సగానికి ఇంకొకరి విమానంలో ఎక్కిస్తారు. శుభలేఖ పెదమావయ్య పేరు మీద వచ్చి, భోజనాలు చినమావయ్య ఇంట్లో పెట్టినట్టన్నమాట. భోజనం బాగా లేకపోతే తిట్లు ఎవరికి పడాలి? అది తేల్చడానికే మేమున్నాం. దిగిన ప్రయాణికులకు ఫోన్ చేసి సీటుకు ఎన్ని, తిండికి ఎన్ని, సామానుకు ఎన్ని అని పదికి మార్కులు అడిగి, అయిదు కంపెనీలనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూపిస్తాం. మా ఫ్లోర్ మీద విమానం ఎక్కినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అయినా ఏ కంపెనీ సీటులో మోకాళ్ళు ఎంత నొప్పి పెడతాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాం.

ఈ అయిదింటిలో టుకానా ఎయిర్ అనేది ఎప్పుడూ ఆఖరు. ఏ దేశం వాళ్ళైనా దానికి రెండు మార్కులు వేశారంటే ఆ రోజు ఇంట్లో శుభకార్యం జరిగి ఉండాలి. అలాంటి టుకానాకు ఈ నెల తెలుగు ప్రయాణికుల దగ్గర పదికి పది వచ్చింది. సీటుకు పది. తిండికి పది. సామానుకు పది. ఒకరిద్దరు వేస్తే పొరపాటనుకోవచ్చు. ఒక పెద్ద గుంపు గుంపంతా వేసింది.

టుకానా తెలుగు ప్రయాణికులకు ఫోన్లన్నీ చేసేది రేఖ. శేరిలింగంపల్లి పాత ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ళింటి డాబా ఎక్కితే మా ఆఫీసు అద్దాలు కనిపిస్తాయట. కూటమి వాళ్ళకు వెంటనే అనుమానం వచ్చింది. టుకానా వాళ్ళు మా దగ్గర ఎవరినో కొనేశారని ఘాటుగా ఒక మెయిల్ పెట్టారు. మా మేనేజర్ యశస్విని రేఖను ఫోన్ల దగ్గర నుంచి లేపి, మూలన ఒక ఖాళీ కుర్చీ చూపించింది. శుక్రవారం కూటమి వాళ్ళతో మీటింగు. ఆలోగా కారణం తేలకపోతే రేఖ బ్యాడ్జి ఇచ్చేసి వెళ్ళిపోవాలి. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. దొంగ లెక్కలు రాసిందన్న పేరుతో పోతే మాత్రం ఈ చుట్టుపక్కల గాజు మేడల్లో ఏ గేటూ తెరుచుకోదు. ఎక్కడ చేరబోయినా ముందు పాత కంపెనీనే అడుగుతారు.

రేఖ చెప్పింది ఒక్కటే. "వాళ్ళు పది అన్నరు మేడమ్. నేను పది ఏసిన. గంతే."

మరి ఎందుకు పది వేశారో ఆ ప్రయాణికుల్నే అడగొచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ అన్నాను. అక్కడే ఉంది మా కంపెనీ గొప్పతనం. ఎవరైనా ఆరు కంటే తక్కువ వేస్తేనే 'ఎందుకండీ' అని అడగాలి. తొమ్మిదీ పదీ వేస్తే ధన్యవాదాలు చెప్పి ఫోన్ పెట్టేయాలి. మెచ్చుకున్నవాణ్ణి కారణం అడిగి టైము పాడుచేయకూడదని రూలు. పోనీ మళ్ళీ ఫోన్ చేద్దామంటే, ఒకసారి మాట్లాడిన ప్రయాణికుణ్ణి మూడు నెలల దాకా విసిగించకూడదని ఇంకో రూలు. నంబర్లు కంప్యూటరే కలుపుతుంది, మాకు పేర్లు కూడా కనిపించవు.

రామబ్రహ్మానికి ఇలాంటి కేసు దొరకడం ఆకలిగొన్నవాడికి పెళ్ళి పందిరి కనిపించినట్టే. ఆ రికార్డింగులన్నీ రెండు రోజులు విన్నాడు. వాటిలో 'పది' తప్ప ఇంకో మాట లేదు. బుధవారం మధ్యాహ్నం నా కుర్చీ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, ఇది అంతర్జాతీయ ముఠా పని అని ప్రకటించాడు. ఆధారం ఏమిటని అడిగాను.

"ఒక్కడూ సణగలేదు శ్రీనూ. అదే ఆధారం. పెళ్ళికెళ్ళి పదహారు రకాలు లాగించి పప్పులో ఉప్పు తగ్గిందనే జాతి మనది. అలాంటిది విమానం దిగినవాడు సణక్కుండా ఉంటాడా?"

నిజం చెప్పొద్దూ, ఆయన జీవితంలో ఆడిన తెలివైన మాట అదొక్కటే. దాన్ని పట్టుకుని ముందుకు పోతే బాగుండేది. కానీ ఆయన పక్కకు పోయాడు. ముఠా నాయకుణ్ణి పట్టాలంటే రేఖను వెంబడించాలని తేల్చాడు. నేను కుదరదన్నాను. ఆ సాయంత్రం ఆయనతోపాటు రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో నిలబడి ఉన్నాను. నా 'కుదరదు'కు ఆఫీసులోనే కాదు, ఇంట్లో కూడా ఇంతే విలువ.

మారువేషం వేసుకురమ్మంటే నేను మామూలుగానే వచ్చాను. ఆయన మాత్రం నల్ల కళ్ళద్దాలు, టోపీ పెట్టుకుని, మెడలో కంపెనీ బ్యాడ్జి అలాగే ఉంచుకున్నాడు. పెద్ద అక్షరాల్లో పేరు, ఫొటో. మన ఊళ్ళో ఆడపిల్లలు దుమ్ముకీ ఎండకీ మొహమంతా చున్నీ చుట్టుకుని కళ్ళు మాత్రం బయటపెడతారు కదా. ఆ రోజు రేఖ ఆకుపచ్చ చున్నీ వేసుకుంది. ప్లాట్‌ఫాం మీద ఆకుపచ్చ చున్నీ ఒకటి కనబడగానే రామబ్రహ్మం నా మోచెయ్యి పట్టుకుని రైల్లోకి లాగాడు.

అమీర్‌పేటలో ఆ చున్నీ దిగి మియాపూర్ రైలెక్కింది. రేఖ ఇల్లు ఇటు కాదు గురూ, ఇంత చుట్టు తిరిగి ఎందుకు వస్తుంది అని అడిగాను. ఇంటికెళ్ళేవాళ్ళు ఇంటివైపు వెళ్తారు, నేరం చేసేవాళ్ళు చుట్టు తిరుగుతారు అన్నాడు. ఆ లెక్కన మేమిద్దరం ఏమవుతామో నేను అడగలేదు. మియాపూర్‌లో చున్నీ షేర్ ఆటో ఎక్కింది. మేము అదే ఆటోలో డ్రైవరుకు చెరోపక్కన వేలాడుతూ ప్రగతి నగర్ చేరాం. చెరువు దగ్గర దిగి ఒక అపార్ట్‌మెంట్‌లోకి, మెట్ల మీదుగా మూడో అంతస్తుకు.

ఒక ఫ్లాటు ముందు గుట్టగా చెప్పులు. లోపల మాత్రం అలికిడి లేదు. ఇంతమంది చేరి ఒక్కరూ మాట్లాడటం లేదంటే అది ముఠా కాక మరేమిటని రామబ్రహ్మం తలుపుకు చెవి ఆనించాడు. లోపల ఎవరో గంభీరంగా, అందరూ కళ్ళు మూసుకోండి అంటున్నారు.

"వాటాలు పంచుతున్నార్రా. ఎవడి వాటా ఎంతో ఇంకొకడికి తెలియకుండా" అని గుసగుసలాడాడు. ఆ ఉత్సాహంలో తలుపు మీదికి ఇంకాస్త ఒరిగాడు. తలుపు దగ్గరగా వేసి ఉందంతే, గడియ లేదు. ఇద్దరం లోపలికి వెళ్ళిపోయాం. ఆయన ముందు పడ్డాడు, నేను ఆయన మీద పడ్డాను.

తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన వచ్చి మమ్మల్ని లేవదీశాడు. "వందనాలు బ్రదర్. కొత్తగా వచ్చారా? రండి, కూర్చోండి." ఆయన పేరు ఇశ్రాయేలు గారు. మియాపూర్ బస్ డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. అది వాళ్ళిల్లు. ఆ రోజు అక్కడ ప్రార్థన కూడిక. హాలంతా చాపలు పరిచి జనం కూర్చున్నారు. మా పేర్లడిగితే రామబ్రహ్మం మారుపేరు చెప్పాలనుకుని, ఏదీ తట్టక, శ్రీనివాసులు అన్నాడు. నేను కూడా శ్రీనివాసులేనన్నాను. ఇశ్రాయేలు గారు ఒకసారి ఆయన మెడలోని బ్యాడ్జి చూశారు. మర్యాదస్థుడు, ఏమీ అనలేదు.

ఇంతలో ఆకుపచ్చ చున్నీ విప్పితే లోపల రేఖ లేదు. సెలీనా అట, కొండాపూర్ వైపు ఒక దవాఖానలో నర్సు. నేను తలపట్టుకున్నాను. రామబ్రహ్మం మాత్రం తొణకలేదు. "ఎంత ఆరితేరిందో చూడు, ముక్కు కూడా మార్చేసింది" అన్నాడు.

ఆ రోజు కూడికలో సాక్ష్యాలు. అంటే ఒక్కొక్కరే లేచి మైకు పట్టుకుని, దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవడం. కష్టం వచ్చినా దాన్ని కూడా మేలుగానే చెప్పుకుంటారు. వీళ్ళంతా కలిసి మొన్ననే ప్రభువు పుట్టిన పరిశుద్ధ దేశానికి యాత్ర చేసి వచ్చారట. రూతమ్మ గారనే ఆవిడ లేచి, తన పెట్టె ఏ దేశానికో వెళ్ళిపోయిందనీ, యాత్రంతా ఒకే చీరతో గడిచిందనీ, చీరల మీద తనకున్న గర్వాన్ని ప్రభువు అలా తీసేశాడనీ చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. క్రిస్టోఫర్ అనే ఆయన తన సీటు వెనక్కి వాలిపోయి మళ్ళీ లేవలేదనీ, దారి పొడుగునా కప్పు వైపు చూస్తూ పడుకోవడం వల్ల తల పైకెత్తి ప్రార్థించడం అలవాటయిందనీ చెప్పాడు. సెలీనా చెప్పిన ప్రకారం విమానంలో తిండి అయిపోయింది, రూతమ్మ గారు చేతిసంచిలో దాచిన కారప్పూస వరసల వెంట చేతులు మారుతూ అందరికీ సరిపోయింది. మళ్ళీ స్తోత్రం. విమానం పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. లోకంలో విమానాలు ఎన్నో ఉన్నాయి కనుక నాకూ ఏమీ తట్టలేదు.

అప్పుడు ఇశ్రాయేలు గారు మైకు తెచ్చి రామబ్రహ్మం చేతిలో పెట్టారు. కొత్తగా వచ్చిన సహోదరుడు రెండు మాటలు చెబుతారన్నారు.

రామబ్రహ్మం లేచాడు. నల్ల కళ్ళద్దాలు తీశాడు. ఈ క్షణం కోసమే పుట్టినవాడిలా హాలంతా ఒకసారి కలియజూశాడు. "ఈ గదిలో ఒక దోషి ఉన్నాడు" అన్నాడు.

"అందరమూ దోషులమే బ్రదర్, స్తోత్రం" అన్నారు ఇశ్రాయేలు గారు. హాలంతా ఆమెన్ అంది.

దోషులందరూ ఇలా ఒక్కసారిగా నేరం ఒప్పేసుకుంటే ఏం చెయ్యాలో ఆయన ఎప్పుడూ ఆలోచించుకోలేదు. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. జనం ఎంతో ప్రేమగా, ఓపికగా చూస్తున్నారు. ఆ చూపులకు ఆయన బుర్రలో ఉన్న థియరీలన్నీ ఆవిరైపోయి, ఏళ్ళ తరబడి రోజంతా హెడ్‌సెట్‌లో వినే ముక్క ఒక్కటే మిగిలింది. అదే బయటికొచ్చింది.

"నమస్కారమండి. ఏకగగన్ కూటమి తరఫున మాట్లాడుతున్నాం. టుకానా ఎయిర్‌లో మీ ప్రయాణానికి పదికి ఎన్ని మార్కులు ఇస్తారండి?"

"పది" అంది హాలంతా, ఒకే గొంతుతో.

టుకానాకు పదులు వేసిన గుంపు వీళ్ళేనని నాకప్పుడు వెలిగింది. రామబ్రహ్మం మాత్రం అలవాటు ప్రకారం, "ధన్యవాదాలండి, మీ రోజు శుభంగా గడవాలి" అని మైకు ఆపేసి కూర్చోబోయాడు. పది వేస్తే పెట్టేయాలి కదా. నేను ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"ఎందుకండీ?" అని అడిగాను.

ఇశ్రాయేలు గారు నవ్వారు. యాత్రకు ముందు వాళ్ళంతా ఒక ఒప్పందం చేసుకున్నారట. వాక్యంలో, అంటే బైబిల్లో, ఇశ్రాయేలీయులు అరణ్యంలో సణిగి సణిగి నలభై ఏళ్ళు తిరిగారు. మనం మాత్రం ఏం జరిగినా సణగొద్దు, నోరు కట్టుకుని వెళ్ళి రావాలి అని. "పేరు కూడా నాదే కదండీ. ముందు నేనే నోరు కట్టుకోవాలి" అన్నారు. తిరిగొచ్చాక ఒక అమ్మాయి ఫోన్ చేసి ఎంతో మర్యాదగా మార్కులు అడిగింది. తక్కువ వేస్తే సణిగినట్టే కదా. అందుకని అందరూ అన్నిటికీ పది వేశారు.

"మరి జరిగినవి ఆ అమ్మాయికి చెప్పలేదేమండీ?"

"ఆవిడ అడగలేదండీ. అడక్కుండా చెబితే సణుగుడు. అడిగితే చెప్పేది సాక్ష్యం. పది అనగానే థాంక్యూ చెప్పి పెట్టేసేది."

అప్పుడు నేను రేఖ సంగతి చెప్పాను. మూల కుర్చీ, దొంగ అన్న పేరు, శుక్రవారం అన్నీ చెప్పాను. హాల్లో ఎవరూ స్తోత్రం అనలేదు. రూతమ్మ గారు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "మేం నోరు కట్టుకుంటే మా ఆత్మలకి లాభమనుకున్నామండీ. ఎవరో పిల్ల మెడకి చుట్టుకుంటుందని అనుకోలేదు. పాపం, ఆ పిల్ల ఏమంటోందండీ?" అని అడిగింది. ఏమంటోందో నాకు తెలియదు. నేను రేఖతో మాట్లాడనేలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

మేం వాళ్ళకు ఫోన్ చేయకూడదని రూలుంది కానీ, వాళ్ళు మా దగ్గరికి రాకూడదని ఎక్కడా లేదు. శుక్రవారం ఇశ్రాయేలు గారి నాయకత్వంలో యాత్రికులందరూ, బైబిళ్ళలో దాచుకున్న బోర్డింగ్ పాసులతో సహా, మా ఆఫీసు లాబీలో దిగారు. మీటింగ్ రూంలో తెర మీద కూటమి దొర ఒకాయన, టుకానా తరఫున ఇంకొకాయన. యశస్విని వీళ్ళ మాటలు ఇంగ్లీషులో చెబుతూ కూర్చుంది. ఎందుకు పది వేశారని దొర అడిగాడు. అంతే. నెల రోజులుగా కట్టుకున్న నోళ్ళు విప్పుకున్నాయి. క్రిస్టోఫర్ మా ఆఫీసు కుర్చీని వెనక్కి వాల్చి, సీటు ఎలా పడిందో చేసి చూపించాడు. రూతమ్మ గారు పెట్టె సంగతి చెబుతూ చెబుతూ, అందులోని చీరలను రంగులతో సహా తలుచుకుంది. ఈసారి గర్వం పోయినందుకు స్తోత్రం చెప్పడం మరిచిపోయి, కూర్చున్నాక గుర్తొచ్చి మళ్ళీ లేచి చెప్పింది. యశస్వినికి తర్జుమా చేసీ చేసీ గొంతు పోయింది.

టుకానాకు మళ్ళీ ఆఖరి స్థానం వచ్చింది. రేఖ మీద అనుమానం తీసేస్తున్నామని కూటమి దొర చెప్పాడు. టుకానా ఆయన మాత్రం ఏమీ బాధపడలేదు. ఇలాంటి ప్రయాణికులు మీ హైదరాబాదులో ఇంకా ఎంతమంది ఉంటారు, వాలిపోయే సీట్లన్నీ వాళ్ళకే కేటాయించొచ్చా అని యశస్వినిని ఎంతో ఆసక్తిగా అడిగాడు. పది వేసినవాళ్ళను కారణం అడగొచ్చా అని నేనడిగితే, దానివల్ల ఒక్కో ఫోనుకు టైము పెరుగుతుందని, రూలు మారదని చెప్పారు.

సాయంత్రానికి ఆఫీసులో అందరికీ మెయిల్ వచ్చింది. రామబ్రహ్మం లోతైన పరిశోధనతో కంపెనీ పరువు నిలబెట్టాడట. ఆయన దాన్ని ప్రింటు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సెలీనా మీద తన అనుమానం ఇంకా పూర్తిగా పోలేదని నాతో రహస్యంగా చెప్పాడు. తర్వాత యశస్విని మా ఇద్దరినీ, రేఖనూ తన గదిలోకి పిలిచింది. కంగ్రాట్స్ రేఖా, సోమవారం నుంచి నీ సీటు నీకే, నీ పేరు మీద ఏ మచ్చా లేదు అంది. రేఖ నవ్వుతుందనుకున్నాం. నవ్వలేదు.

"ఒక్క మాట చెప్పాల్నా మేడమ్. పొద్దుందాంక ముక్కు మొహం తెల్వనోళ్ళను అడుగుత నేను. సీటు ఎట్లుండె, తిండి ఎట్లుండె, మీకెట్లనిపిచ్చింది అని. ఇన్నొద్దులు నన్ను దొంగ లెక్క మూలకు కూసోవెట్టిన్రు. నా పక్కకెళ్ళే పోయిన్రు, నా పక్కకెళ్ళే వచ్చిన్రు. నీకెట్లున్నది రేఖా అని ఒక్కరన్నా అడిగిన్రా?"

యశస్విని తల దించుకుంది. ఆ పిల్ల మాట నాకు సూటిగా గుచ్చుకుంది. రామబ్రహ్మం నిశ్శబ్దాన్ని భరించలేని మనిషి. కంగారులో ఆయన నోట్లోంచి మళ్ళీ ఆ హెడ్‌సెట్ భాషే ఊడిపడింది.

"మీ అనుభవాన్ని మాతో పంచుకుంటారా అండీ?"

నేను కళ్ళు మూసుకున్నాను, చెప్పు తీసి కొడుతుందేమో అని. కళ్ళు తెరిచేసరికి రేఖ కుర్చీ లాక్కుని కూర్చుంటోంది. బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే కూసోర్రి సారూ" అంది. "జర టైం పడతది."

ముగ్గురం కూర్చున్నాం.